మొదటి చెయ్యి

ఉదయశ్రీ వాగు దాటి వచ్చేసరికి గూడెంలోని ముప్పై ఇళ్లలో అలికిడి లేదు. పొయ్యిల మీద ఎసరు మరుగుతూనే ఉంది. మనుషులు మాత్రం లేరు. టీకాల డబ్బా వస్తోందని ఎవరో కేకేసి ఉంటారు, అందరూ అడవిలోకి వెళ్లిపోయారు.

"ఇప్పుడే పోయిండ్రు మేడం," అంది వెనకాలే వచ్చిన ఆశా కార్యకర్త కళావతి.

ఉదయశ్రీది మధిర. పినపాక దగ్గరి ఆరోగ్య కేంద్రంలో నర్సు. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ వేసవిలో ఈ గూడేనికి రావడం ఇది మూడోసారి. సూది వేసుకున్న మనిషి మూడో రోజు దాటడన్న మాట చుట్టుపక్కల గూడేలన్నింటా పాకిపోయింది. గూడెం పెద్ద పగిడయ్య అయితే, మళ్లీ ఈ డబ్బాతో రావద్దని పోయినసారే చెప్పి పంపాడు.

ఇక తిరుగుదామనుకుంటుండగా చివరి ఇంటి ముందు ఒకామె వాకిలి ఊడుస్తూ కనిపించింది. అరవై దాటిన మనిషి. తలంటుకుని ఉతికిన చీర కట్టుకుంది. వీళ్లను చూసి చీపురు పక్కన పెట్టి, గుంజకు కట్టిన మేకను విప్పి పక్కింటి దడికి కట్టి వచ్చింది. సూది వేసుకుంటే చెయ్యి లేవదంటగా, మేకకు మేతెవరు వేస్తారని తనే చెప్పింది. తర్వాత మంచం మీద కూర్చుని ఎడమ చెయ్యి చాచింది.

"నాకెయ్యి బిడ్డా."

ఆమె పేరు జంపక్క. నెల కిందట ఆమె పెనిమిటి బొజ్జయ్యను ఊపిరాడక అంబులెన్సులో ఎక్కించారనీ, మనిషి తిరిగి రాలేదనీ, కడసారి ముఖం కూడా చూడనివ్వకుండా అక్కడే దహనం చేశారనీ కళావతి చెవిలో చెప్పింది. ఆ రోగం ఏం చేస్తుందో కళ్లారా చూసింది కాబట్టే టీకా విలువ తెలిసిందనుకుంది ఉదయశ్రీ.

ఒక సీసాలో పది మందికి మందు. మూత తీశాక నాలుగు గంటల్లో వాడకపోతే పారబోయాలి. తొమ్మిది మంది మందు వృథా అయితే సంజాయిషీ రాసివ్వాలి. ఉదయశ్రీ ఒక్క క్షణం ఆగింది. ఈ ఒక్కరైనా వేసుకుని బాగుంటే మిగతావాళ్లు వస్తారు. మూత తీసింది. సూది దిగుతున్నప్పుడు జంపక్క కళ్లు మూసుకుంది, చెయ్యి మాత్రం కదల్లేదు.

మర్నాడు పొద్దున్నే కళావతిని వెంటబెట్టుకుని జంపక్కను చూసిపోదామని వచ్చిన ఉదయశ్రీకి వాగు దగ్గరే మగవాళ్లు అడ్డు నిలిచారు. ముందు పగిడయ్య ఉన్నాడు.

"ఒళ్లు కాలిపోతంది. మాట లేదు," అన్నాడు. "ఆమె లేసి నిలవడితెనే నువ్వు మళ్ల వాగు దాటుడు."

జ్వరం రావడం మామూలేనని ఉదయశ్రీ చెప్పబోతే ఎవరూ వినిపించుకోలేదు. ఇద్దరినీ మధ్యలో నడిపించుకుంటూ తీసుకెళ్లారు. జంపక్క ఇంటి చుట్టూ గూడెమంతా నిలబడి ఉంది.

జంపక్క మంచం మీద ముడుచుకుని ఉంది. జ్వరం నూట మూడు. బిళ్ల తీసి నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకుంది.

"వద్దు బిడ్డా. దానంతటది కానియ్యి."

పాతకాలం మనిషి, మందుబిళ్లలు అలవాటు లేవనుకుంది ఉదయశ్రీ. కళావతి ఎంత బతిమాలినా జంపక్క నోరు తెరవలేదు. ఉదయశ్రీ తడిగుడ్డతో ఆమె నుదురు, చేతులు, పాదాలు తుడుస్తూ కూర్చుంది. ఇంటి దగ్గర అయిదేళ్ల కూతురు గుర్తొచ్చింది. ఈ ముసలామెకు ఇంకేదైనా జబ్బు ఉండి ఈ రోజే ముంచుకొస్తే, టీకా వల్ల కాదని ఎవరు నమ్ముతారు? గుడ్డ మళ్లీ తడిపి పిండింది.

మధ్యాహ్నం దాటాక జంపక్కకు చెమట పట్టింది. పొద్దు వాలేలోగా జ్వరం దిగి లేచి కూర్చుంది. తన చేతుల్ని తిప్పి చూసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే చూసింది. కళ్ల వెంట నీళ్లు కారాయి. గండం గడిచిన సంతోషమనుకుని ఉదయశ్రీ కూడా ఏడ్చేసింది. పగిడయ్య దారి వదిలాడు.

మూడో రోజు గడిచింది. నాలుగో రోజు పగిడయ్యే కబురు పంపి, అందరికంటే ముందు తనే చొక్కా చెయ్యి మడిచాడు. ఆ పూట తొంభై ఆరు మంది వేసుకున్నారు. జంపక్క సంగతి చెప్పి ఉదయశ్రీ మరో ఏడు గూడేలను ఒప్పించింది. మండలాఫీసులో జంపక్కకు శాలువా కప్పి, ధైర్యవంతురాలని పొగిడారు. ఆమె తల వంచుకుని నిలబడింది. ఆ తర్వాత ఆ గూడెం నుంచి కరోనాతో ఎవరినీ అంబులెన్సు ఎక్కించాల్సిన అవసరం రాలేదు.

వానాకాలం చివర్లో రెండో డోసుకు వచ్చినప్పుడు ఎవరూ అడవిలోకి పోలేదు. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు బారులు తీరారు. అందరికంటే ముందు జంపక్క కూర్చుని ఉంది, అప్పటికంటే సగమైంది.

ఉదయశ్రీ ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, నీ వల్ల ఇంతమంది బతికారు. అందరూ పారిపోయిన రోజున నీకొక్కదానికే భయం ఎందుకు వెయ్యలేదు?"

జంపక్క వరుసలో ఉన్నవాళ్ల వైపు ఒకసారి చూసింది. వాళ్లకు వినపడకుండా ముందుకు వంగి, ఉదయశ్రీ చేతిలోని సూదిని చూస్తూ మెల్లగా అడిగింది.

"మొన్నటిది నన్ను చంపలే, ఇదన్నా చంపుతదా బిడ్డా?"