గుర్రంలో వెనక సగం

“ఇవాళ్టి నుంచి నువ్వు గుర్రంలో ఉండక్కర్లేదు” అన్నాడు నాటకాల కంపెనీ మేనేజరు, రాజు కిరీటం తలకి బిగించుకుంటూ.

గుడ్డగుర్రంలో వెనకకాళ్ళుగా నడిచే ఆయనకి గుండె జారిపోయింది. ముందుకాళ్ళు ఆయన తోడల్లుడే. ఇద్దరూ కలిసి ఒక గుర్రమై, రాజు వేషంలో ఉన్న మేనేజరుని స్టేజీ అంతా మోసుకు తిరుగుతారు.

“నేనేం తప్పు చేశాను సార్?”

“తప్పేం లేదయ్యా. ఈ హాల్లో స్టేజీ ఇరుకు, గుర్రం పొడుగు. తల కనిపిస్తే చాలు, గుర్రమని తెలిసిపోతుంది. వెనక గుడ్డ అలా వేలాడుతుందిలే. నేను పక్కన నడుస్తాను. నువ్వు సప్లిమెంటువి.”

మేనేజరుకి ఒక ఇంగ్లీషు ముక్క దొరికితే చాలు, ఎవరో ఒకరి నెత్తిన రుద్దందే నిద్రపట్టదు.

వెనకకాళ్ళాయనకి ఆ మాట అర్థం కాలేదు గానీ ఒళ్ళు మండింది. కూతురు మొదటిసారి ఆట చూడ్డానికి వచ్చి ముందు వరసలో కూర్చుంది. మా నాన్న గుర్రమని బడంతా చెప్పుకుంది.

“ఆ మాటకి అర్థమేంటమ్మా?” అని ప్రాంప్టరమ్మని అడిగాడు. తెరచాటున నిలబడి నటులకి మాటలు అందించే ఆవిడ ఒకప్పుడు ఇంగ్లీషు టీచరు.

“చొక్కా మీద కోటు సప్లిమెంటు. తీసేసినా చొక్కా చొక్కానే. చొక్కాకి రెండో చెయ్యి కాంప్లిమెంటు. అది కుడితేనే చొక్కా పూర్తవుతుంది. రెండూ తెచ్చి కలిపేవే. ఒకటి అదనం, ఒకటి అవసరం.”

“అయితే నేను రెండో చెయ్యినండి. నువ్వైనా చెప్పు అన్నయ్యా.”

“నన్ను లాగకు. నాకు తలుంది” అన్నాడు తోడల్లుడు గుర్రం తలలోంచి.

“ఎవరు లేకపోతే ఆట ఆగుతుందో ఇవాళ తేలిపోతుందిగా” అన్నాడు మేనేజరు. గంట మోగింది.

గుర్రం ముందు సగం ఠీవిగా నడిచింది. వెనక సగం తోకతో నేల ఊడ్చుకుంటూ వెళ్ళింది. జనం గొల్లుమన్నారు. కూతురు తల దించుకుంది. పక్కన నడవాల్సిన రాజు అలవాటుకొద్దీ ఎగిరి గుర్రం వీపు మీద కూర్చోబోయాడు. అక్కడ వీపు లేదు. స్టేజీ కింద వాయించేవాళ్ళ మధ్య పడి, పెద్ద డ్రమ్ములో నడుందాకా ఇరుక్కుపోయాడు.

వెనకకాళ్ళాయన ఇక ఆగలేకపోయాడు. పరిగెత్తుకెళ్ళి గుడ్డలో దూరాడు. గుర్రం నాలుగు కాళ్ళ మీద లేచి నిలబడింది. హాలంతా చప్పట్లు.

రాజు గొంతు వినిపించకపోయేసరికి ప్రాంప్టరమ్మ కంగారుపడి ఆయన మాటలు గట్టిగా చదివేసింది. గుర్రమే మాట్లాడిందనుకున్నారు జనం. ఇక పట్టపగ్గాల్లేవు. గుర్రం యుద్ధం ప్రకటించింది, శత్రువుని వెనకకాళ్ళతో తన్నింది, రాకుమారిని పెళ్ళాడింది. తెర పడింది.

కూతురు పరిగెత్తుకొచ్చి తోక పట్టుకుని వదల్లేదు. వెనకకాళ్ళాయనకి సంతోషంతో ఏడుపొచ్చింది.

మేనేజరు కుంటుకుంటూ వచ్చాడు. “సరేనయ్యా, ఒప్పుకున్నాను. నువ్వు లేందే గుర్రం లేదు. రేపు నువ్వు లోపల దూరు, నేను పైకెక్కుతాను.”

ప్రాంప్టరమ్మ గొంతు సవరించుకుంది.

“హాలువాళ్ళు రేపటి నుంచి రోజూ ఇదే ఆట వెయ్యమన్నారు సార్. రాజు మాత్రం అక్కర్లేదట.”