చాలు

“చాలు! చాలు! చాలంటే ఇనవడ్తలేదా?”

హన్మాండ్లు గొంతు చించుకుంటున్నాడు. నడుముకు కట్టిన తాడు మాత్రం దిగుతూనే ఉంది. చెరుకు తోటలోని బావిలో, మోటారు పైపు జాలీకి చుట్టుకున్న చెత్త తీద్దామని దిగాడు పాపం. నీళ్లు మోకాళ్లకు తగలగానే ఆపమన్నాడు. ఇప్పుడు గడ్డాన్ని తాకుతున్నాయి. పైన క్రేను నడిపే ఆత్మారాం “హా, చాలూ, చాలూ!” అంటూ హుషారుగా తాడు వదులుతూనే ఉన్నాడు.

“బంద్ కర్! బంద్!” ఒడ్డు మీద నుంచి హన్మాండ్లు భార్య గోదావరి కేక పెట్టింది. తాడు టక్కున ఆగింది.

“వీడు నన్ను సంపేటట్టున్నడే!” అన్నాడు హన్మాండ్లు, మింగిన నీళ్లు కక్కుతూ.

“ఆయన తప్పేం లేదయ్యా. మనకు చాలు అంటే సరిపోయిందని. ఆయన లెక్క మరాఠోళ్లకు చాలూ అంటే నడిపియ్యుమని. చల్ అంటే నడువుమని గద, దాంట్లకెల్లే వచ్చింది గా మాట. ఆపాలంటే బంద్ అను, నడపాలంటే చాలూ అను.”

గోదావరి పుట్టిల్లు ధర్మాబాద్. మరాఠీ ఆమెకు మంచినీళ్ల ప్రాయం. తాడు కాస్త పైకి లాగించి, జాలీ విప్పే పానా తెస్తానని ఆమె షెడ్డుకు పోయింది.

ఆమె అటు పోగానే బావి గోడ నుంచి మట్టి పెళ్లలు రాలసాగాయి. హన్మాండ్లు తలెత్తి చూసి బిక్కచచ్చిపోయాడు. సగం ఎత్తులో ఉన్న పెద్ద బండ ఒకటి గోడలోంచి బయటికి జరుగుతోంది. అది ఊడేలోపు దాన్ని దాటి పైకి పోవాలి. లేదంటే నెత్తి మీదే.

తాడు పట్టుకుని గుంజాడు. ఆత్మారాంకు అర్థమైనట్టుంది, క్రేను గుర్రుమంది. హన్మాండ్లు ఒక మనిషి ఎత్తు లేచాడు. ఇంకో మనిషి ఎత్తు లేచాడు. సరిగ్గా బండ కిందికి వచ్చేసరికి అది కిర్రుమంది. పిడికెడు మట్టి కళ్లల్లో పడింది. వచ్చిన భాషలన్నీ మరిచిపోయాడు, భార్య చెప్పిన ఆ ఒక్క మాట తప్ప.

“చాలూ! చాలూ!”

తాడు టక్కున ఆగింది.

“చాలూ ఆత్మారాం! నీ కాళ్లు మొక్కుత, చాలూ!”

ఆత్మారాం ఒడ్డు మీద నుంచి తొంగి చూశాడు. మొహం నిండా నవ్వుతో, వచ్చీరాని తెలుగులో అరిచాడు.

“ఆపిన అన్నా, భయం వద్దు! మీ తెలుగుల చాలు అంటే బంద్ అని, అక్క పోతా పోతా నాకు గూడ నేర్పింది!”