పాల సొర

"ఏందే గిది? థూ, ఏం కంపు!"

పొట్లం విప్పీ విప్పకముందే రేణుకమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎండు సొరమ్మా. సముద్రం చేప. మందులకని ఊళ్లోకొచ్చినాను, పాప ఏడుపు ఇనిపించింది. ఎనక్కెళ్లి ఇది తెచ్చినాను. పాలు పడనేదేటి?"

గుమ్మంలో నిలబడ్డ మనిషిని రేణుకమ్మ ఎగాదిగా చూసింది.

పేరు నూకరత్నం. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున గుడారాలు వేసుకుని చేపలు పట్టే వైజాగువాళ్ల మనిషి. వారానికోసారి గంపతో వీధుల్లో తిరిగేది. ఐదారు నెలలుగా కనబడలేదు. ఇవాళ గంప లేదు. చెంగు తలకూ చెవులకూ బిగించి చుట్టుకుంది, ఎండకు కాబోలు.

లోపల పసిది మళ్లీ గుక్క పట్టింది.

కూతురు శ్రీవాణి కాన్పయి పన్నెండు రోజులు. చుక్క పాలు పడలేదు. డబ్బా పాలు పట్టిస్తే పిల్ల కక్కుతోంది. ఆవు పాలు పట్టిస్తే విరేచనాలు. "ఇట్లనే బరువు తగ్గితే కష్టం" అని దవాఖానలో డాక్టరమ్మ చెప్పిన దగ్గర్నుంచి రేణుకమ్మకు ముద్ద దిగడం లేదు.

"సొర అంటే మనుషుల్ని తినేదే గదా? టీవీల చూపెట్టిండ్రు. నిలువెత్తు మనిషిని రెండు ముక్కలు చేసె!"

"అది పెద్ద సొరమ్మా. దాని జోలికి మావోళ్లే ఎల్లరు. ఇది పాల సొర. మూరెడుంటాది. మనిషిని చూస్తే అదే పారిపోద్ది."

"మూరెడుదైతే ఏంది? జాతి అదే గద! ఎవని వేలు మింగిందో, ఎవని చెవి మింగిందో! దాన్ని నా బిడ్డకు పెడ్తనా?"

ఎదురింటి తిమ్మమ్మ అరుగు మీద నుంచే అందుకుంది.

"జర పైలం అత్తా. మందో మాకో కలిపిందేమో!"

నూకరత్నం ఆమె వైపు చూడనే లేదు.

"అన్ని చేపల్లాగ ఇది గుడ్లెట్టదమ్మా. మనలాగే కడుపులో మోసి పిల్లల్ని కంటాది. మా కాడ బాలింతలకి పాలు పడాలంటే దీన్నే ఎడతారు."

"నువ్వు కన్నవా ఎప్పుడన్న? బాలింత గోస నీకేం తెల్సు? పెద్ద మంత్రసాని లెక్క వచ్చినవ్!"

నూకరత్నం చెంగు చెవుల మీదికి ఇంకాస్త లాక్కుంది.

రేణుకమ్మ పొట్లం తీసి వీధిలోకి విసిరింది.

ముక్కలు దుమ్ములో చెల్లాచెదురయ్యాయి. కుక్క ఒకటి ఉరికొచ్చింది. నూకరత్నం దాన్ని అదిలించి, వంగి, ఒక్కో ముక్కా ఏరి, ఊది, మళ్లీ పొట్లం కట్టింది. లేచేటప్పుడు గోడ పట్టుకుంది.

పొట్లం అరుగు మీద పెట్టింది.

"ఏణ్ణీళ్లలో నానబెట్టి, ఇసకలాగుండే ఆ తోలు గీకీయండి. ఎల్లుల్లి, మిరియాలేసి పొడిగా ఏపండి. మూడు రోజులు ఎట్టండమ్మా."

వెళ్లిపోయింది.

మర్నాటికి పసిదాని ఏడుపు తగ్గింది. ఏడ్వడానికి ఓపిక లేక.

"అమ్మా, ఆ పొట్లం ఏడుంది?" అంది శ్రీవాణి.

"పిచ్చి లేసిందానే నీకు?"

"అది ఎవల్ని మింగితే నాకేందే? నా బిడ్డ గొంతు తడవాలె. చేస్తవా, నన్ను లేసి చేసుకోమంటవా?"

రేణుకమ్మ తలుపులు, కిటికీలు బిగించి పొయ్యి వెలిగించింది. ఓకరించుకుంటూనే నానబెట్టింది, గీకింది, వేపింది. కంపు వీధిలోకి పోనే పోయింది.

"ఏం వండుతున్నవ్ అత్తా?" తిమ్మమ్మ కేక.

"ఎల్లిపాయ కారం!"

నాలుగో రోజు పొద్దున శ్రీవాణి గట్టిగా అరిచింది.

"అమ్మా! ఉరికి రా!"

 రేణుకమ్మ చేతిలో చెంబు వదిలేసి పరుగెత్తింది.

పసిది గుటకలు వేస్తోంది. పెదవి పక్క నుంచి పాలు కారుతున్నాయి.

సొర మహిమో, మరి పాలు పడే వేళే వచ్చిందో, ఆ దేవుడికే తెలియాలి. రేణుకమ్మ మాత్రం అక్కడే కూలబడి ఏడ్చింది, నవ్వింది.

మర్నాడు గంపలో మామిడిపండ్లు, రవిక గుడ్డ, పసుపు కుంకుమ పెట్టుకుని ఏటి ఒడ్డుకు బయలుదేరింది. నన్ను నాలుగు తిట్టు పిల్లా, నీ కాళ్లు మొక్కుత అనాలి. దారి పొడుగునా అదే మాట తనలో తాను అనుకుంటూ నడిచింది.

గుడారం నీడలో ఒక ముసలాయన వల కుడుతున్నాడు.

"పెద్దాయనా, నూకరత్నం లేదా?"

"ఊరెళ్లిపోనాదమ్మా, నిన్ననే. ఇంక రాదు."

"అయ్యో! ఆ పిల్ల ఇచ్చిన సొర తిని మా బిడ్డకు పాలొచ్చినయ్. ఇంకింత ఉంటే ఇయ్యరాదూ?"

ముసలాయన చెయ్యి ఆగింది.

"ఇది ఏరు తల్లీ. ఈడ సొర ఎక్కడిది? అది ఆళ్లమ్మ తెచ్చింది. భీమిలి నుంచి రైలు, రెండు బస్సులు మారి తెచ్చింది."

"అమ్ముదామనా?"

"అమ్మడానికేటి! కూతురి కానుపుకి."

"ఓయమ్మ, కాన్పయిందా? నాతోని చెప్పనే లేదు సూడు!" రేణుకమ్మ ముఖమంతా నవ్వు. "ఏం పిల్ల?"

"ఆడపిల్లే."

ముసలాయన వల ఒళ్లోంచి దించి, నీళ్ల అంచున ఇసుక దిబ్బ వైపు చూశాడు.

"మీ ఇంటికొచ్చిన రోజు పొద్దున్నే, ఆ సంటిదాన్ని అదిగో, అక్కడ కప్పెట్టినామమ్మా."