జర సౌండు

మోకాలి మీద ఎవరో తట్టారు.

జోయెల్ కళ్లు తెరిచి, చెవి మీది హెడ్‌ఫోన్ ఒకపక్క ఎత్తాడు.

పక్క సీటు ముసలాయన. ఫలక్‌నుమాలో లోకల్ రైలెక్కిన దగ్గర్నుంచి భుజానికి భుజం ఆనించి కూర్చున్న మనిషి. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. అవతల ఎంత చోటున్నా ఇటే ఒరుగుతాడు.

"ఏంది తాతా?"

"బిడ్డా, జర సౌండు..."

గరగరలాడే గొంతు. ఆపైన మాట మొహమాటంలో చిక్కుకుంది.

మిగతాది జోయెల్ తనే పూర్తి చేసుకున్నాడు. తప్పు తనదే. హెడ్‌ఫోన్ పాతది, స్పాంజి ఎప్పుడో ఊడిపోయింది. పాట చెవిలోకి ఎంత పోతుందో బయటికీ అంతే పోతుంది.

"సారీ తాతా. తక్కువ చేస్త."

ముసలాయన ఏదో అనబోయి ఊరుకున్నాడు. చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాడు.

పాట వినడం మానడానికి మాత్రం జోయెల్‌కు వీల్లేదు. ఈ క్రిస్మస్‌కు పురానాపూల్ చర్చిలో ఆ పాట ముందుండి పాడాల్సింది తనే. రెండో చరణంలో ఒక మెలిక ఉంది. ఎన్నిసార్లు విన్నా గొంతుకు చిక్కడం లేదు. పాటల గుంపును నడిపే డానియేలు, ఎప్పుడో స్వరూప ఇంట్లో సాధన చేస్తూ ఫోన్‌లో పట్టి తనకు పంపిన పాటను జోయెల్‌కు పంపి, ముందే చెప్పాడు.

"అచ్చం స్వరూప లెక్క రావాలె తమ్మీ. రాకుంటె ఇంకొకలతోని పాడిపిస్త. మల్ల ఏమనుకోవద్దు."

"ఆమెనే వచ్చి జర నేర్పియ్యరాదన్నా?"

"ఆమె బతికుంటె ఈ పాట నీ దాక ఎందుకొస్తది?"

జోయెల్ ఆమెను చూడలేదు. తను ఆ చర్చిలో చేరేసరికే ఆమె లేదు.

జీతం చేతికి రాగానే ఖరీదైన కొత్త హెడ్‌ఫోన్ కొన్నాడు.

మర్నాడు రైల్లో ఎదురు సీటు నుంచి బాలమ్మ పలకరించింది. జామకాయల గంపతో రోజూ అదే పెట్టెలో ఎక్కే మనిషి.

"చెవులకు గిన్నెలు బోర్లిచ్చినవేంది?"

"కొత్తది పెద్దమ్మా."

"పాతదానికన్న మంచిగ వినవడ్తదా, ఉత్తగ పైసలు తగలేసినవా?"

"మస్తు ఫరక్. పాతదాంట్ల పాట ఒక్కటే వినవడ్తుండె. దీంట్ల పాడేటామె దమ్ము తీసుకునుడు గూడ వినవడ్తది."

"దమ్ము తీసుకునుడు వినేటందుకు గిన్ని పైసలా? మెట్లెక్కినంక నా పక్కన కూసో, ఉత్తగనే వినిపిస్త."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ముసలాయన నవ్వలేదు. జోయెల్ పాట పెట్టుకోగానే ఇంకా ఒరిగాడు. ఆయన చెవి దాదాపు భుజాన్ని తాకింది. కొత్తదాంట్లోంచి దారమంత చప్పుడు కూడా బయటికి రాలేదు.

యాకుత్‌పురా దాటాక మళ్లీ మోకాలి మీద చెయ్యి పడింది.

ఈసారి జోయెల్ హెడ్‌ఫోన్ ఎత్తలేదు, తల మాత్రం తిప్పాడు. ముసలాయన పెదవులు కదులుతున్నాయి. మాట వినిపించలేదు. బయటి లొల్లిని లోపలికి రానీయకపోవడమే కదా కొత్తదాని గొప్ప. మెచ్చుకుంటున్నాడనుకున్నాడు.

"ఇగ నీకు ఫికర్ లేదు తాతా. బయటికి ఏం రాదు."

ముసలాయన మెల్లగా తలూపాడు. మలక్‌పేటలో లేచి, తలుపు దగ్గర కమ్మీ పట్టుకొని నిలబడ్డాడు. సికింద్రాబాద్ దాకా మళ్లీ కూర్చోలేదు.

తర్వాత ఆయన కనిపించలేదు. ఒరిగేవాళ్లు లేక జోయెల్‌కు హాయిగానే ఉంది. మెలిక కూడా గొంతుకు చిక్కింది. ఆదివారం డానియేలు కళ్లు మూసుకొని విని, "పండుగనాడు నువ్వే పాడు," అన్నాడు.

ఆ సంతోషం ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. సోమవారం రైలెక్కి చూస్తే బాలమ్మ ఒక్కతే తెలిసిన ముఖం.

"పెద్దమ్మా, నా పక్కన కూసునే తాత వస్తలేడేంది?"

"ప్రకాశం తాతనా? పోయిండు గద. శుక్రారం మట్టి జేసిన్రు."

జోయెల్ ఆమె వైపు వంగాడు.

"ఏమైంది?"

"ఏమైతది. తిండి బందు పెట్టి పండుకున్నడు. మా గల్లీకి కిరాయికొచ్చి ఏడాది గూడ కాలే, ఎవ్వలతోని కలవకపోతుండె. ఫోను పోగొట్టుకున్నప్పటి సంది మనిషి మనిషి లెక్క లేకుండె."

"మరి రోజు సికింద్రాబాదుల ఏం పని ఆయినకు?"

"పని యాడిది? నువ్వు దిగిపోయినంక, మల్ల వచ్చే బండెక్కి వాపస్ ఇంటికొస్తుండె. నీకు చుట్టమనుకున్న నేను."

జోయెల్ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు, ఏం చెయ్యాలో తోచక. పాట మొదలైంది. కొత్తది కొన్నప్పటి నుంచి మెలిక దాటగానే వెనక్కి జరిపేవాడు. ఇవాళ చెయ్యి లేవలేదు. పాట చివరిదాకా పోయి ఆగింది.

ఆపైన పాతదాంట్లో వట్టి గుర్రుమనే చప్పుడే ఉండేది. కొత్తదాంట్లో కుర్చీ జరిగింది. గ్లాసు కింద పెట్టారు. ఫోన్‌కు బాగా దగ్గరగా ఎవరో గొంతు సవరించుకున్నారు.

"మంచిగొచ్చింది," అంది ఆ గరగర గొంతు. "నీళ్లు తాగి ఇంగొక్కపారి అందుకో. ఇది నా ఫోన్ల దాసుకుంట."

"సరే నాయినా," అంది స్వరూప.