నాలుగు వేల ఏళ్ళ పాలపన్ను

"ఆగండి సార్! రిజిస్టరుతో పోల్చి చూడకుండా పత్రికల వాళ్ళకు చెప్పడానికి వీల్లేదు," అంటూ ల్యాబ్‌లో డిఎన్‌ఎ ఫలితాలు కంప్యూటరులో లెక్కగట్టే లెక్కలాయన డైరెక్టరుగారి ఫోనుకు అడ్డం పడ్డాడు.

"ఇంకా చూసేదేమిటయ్యా? కళ్ళెదుట కనబడుతుంటే!" డైరెక్టరుగారు కంప్యూటరు తెర మీద వేలితో టకటకా కొట్టారు.

పక్కనే నిలబడ్డ పళ్ళ డాక్టరమ్మకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు. పాత సమాధుల్లో దొరికిన పళ్ళను పొడిచేసి, అందులోంచి డిఎన్‌ఎ తీయడం ఆమె పని. అందుకని ల్యాబ్‌లో అందరూ కలిసి పెట్టిన పేరది. నాలుగు వేల ఏళ్ళ కిందట పూడ్చిన ఓ చిన్నబిడ్డ పాలపన్నును మ్యూజియం వాళ్ళు ఆమె చేతికిచ్చి పంపారు. ఉన్నది ఆ ఒక్క పన్నే. అంత పాతవాటిలో డిఎన్‌ఎ చించి పారేసిన కాగితంలా తునాతునకలై ఉంటుంది. ఇందులో చూస్తే పొడుగు పొడుగు పోగులు, ఒక్కటీ తెగలేదు! ఇలాంటిది భూమ్మీద ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. నిజమని తేలితే సాయంత్రానికి ఆమె పేరు ప్రపంచమంతా మారుమోగిపోతుంది. తేడా వస్తే మ్యూజియం ఇంకో ఎముక ముక్క కూడా ఈ గడప తొక్కనివ్వదు.

"పోల్చుకోనివ్వండి సార్, నాకేం భయం?" అందామె నవ్వుతూ. "రెండు జతల గ్లౌజులు, మాస్కు, టోపీ, పైనుంచి కిందిదాకా సూటు. నా పెళ్ళినాడైనా అంత ముస్తాబవుతానో లేదో!"

రిజిస్టరులో ల్యాబ్‌ వాళ్ళందరి డిఎన్‌ఎ ఉంటుంది. ఎవరి తుమ్మయినా, వెంట్రుకైనా పన్ను మీద పడితే ఇట్టే దొరికిపోతారు. లెక్కలాయన మీట నొక్కాడు. పేర్లు జరజరా దిగుతున్నాయి. డైరెక్టరుగారి పేరు దాటింది. ఆమె పిడికిళ్ళు బిగించి చూస్తోంది. ఒక్క పేరు దగ్గర తెర ఎర్రబడింది.

లెక్కలాయన ఆమె వైపు తిరిగాడు. "డాక్టరమ్మా... ఇది మీరే."

"ఛఛ! నా తుమ్ము పడిందంటారా?"

"తుమ్మయితే పైపైన కాస్త కలుస్తుంది. అడుగున అసలు బిడ్డ డిఎన్‌ఎ ఉండాలిగా? చుక్క లేదు. నూటికి నూరుపాళ్ళూ మీరే!"

"నాలుగు వేల ఏళ్ళ కిందట పోయి, మళ్ళీ వచ్చి మా ల్యాబ్‌లో చేరావా ఏమిటమ్మా?" డైరెక్టరుగారు తల పట్టుకున్నారు. "నిజం చెప్పు. పన్ను మ్యూజియం నుంచి నేరుగా ఇక్కడికేగా వచ్చింది?"

ఆమె తల దించుకుంది. "శుక్రవారం నేను తెచ్చేసరికి ల్యాబ్‌కి తాళం వేసేశారు సార్. రెండు రోజులు మా ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టాను. మూత బిగించిన డబ్బాలోనే!"

"ఫ్రిజ్‌లోనా! పెరుగు పక్కన పెట్టావా? ఇంట్లో ఎవరుంటారు?"

"మా అమ్మ ఒక్కతే."

"ఫోన్‌ చెయ్యి. స్పీకరు పెట్టు."

ఆమె నంబరు నొక్కింది.

"అమ్మా, మొన్న నేను ఫ్రిజ్‌లో పెట్టిన చిన్న డబ్బా నువ్వేమైనా ముట్టుకున్నావా?"

అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "నీకెవరు చెప్పారే?"

"అమ్మా!"

"అరవకే తల్లీ, అసలే నాకు దడగా ఉంది. ఏముందోనని మూత తీశాను. పన్ను చేయి జారి సింకులో పడింది. పట్టుకుందామనేలోపే గొట్టంలోకి పోయింది. నీ ఉద్యోగం ఊడిపోతుందేమోనని ఎంత హడలిపోయానో నీకేం తెలుసు!"

"గొట్టంలోకి పోతే మరి డబ్బాలో పన్ను ఎలా ఉందమ్మా?"

"నీకు ఆరేళ్ళప్పుడు ఊడిన పన్ను బీరువాలో దాచుకున్నాగా, అదే పెట్టేశాను... తేడా తెలియకూడదని రోజంతా టీ డికాక్షన్‌లో నానబెట్టి మరీ పెట్టానే!"