కొండకు అటువైపు

ఉమ్మేసి రావడానికే బయలుదేరింది సింహాద్రమ్మ.

నర్సీపట్నం నుంచి ఆటోలో అరగంట దూరంలో ఉన్న ఆ కొండ పెద్దదేమీ కాదు. తూర్పున ఒక ఊరు, పడమట ఒక ఊరు. రెండూ కలిపినా వంద గడప ఉండదు. సింహాద్రమ్మది తూర్పు ఊరు.

నెల రోజులుగా గ్రావెల్ కోసం తూర్పు వాలును మిషన్లు తవ్విపోస్తున్నాయి. జీడిపూత మీద అంగుళం మందాన దుమ్ము. కూతురు మంగకు విడవని దగ్గు. ఊటలో నీళ్లు ఎర్ర బురదగా మారాయి. ఉన్నది ఆ ఊటొక్కటే. అది పోతే ఊరు ఖాళీ చేయాల్సిందే.

మండలాఫీసుకెళ్లి అడిగితే గుమస్తా ఒక కాగితం చూపించాడు. తూర్పు వాలు తవ్వుకుంటే తమకేమీ అభ్యంతరం లేదట. కింద సంతకాలన్నీ పడమటి ఊరి వాళ్లవే. వాటి మధ్య తనకు వదిన వరసైన అచ్చియమ్మ పేరు. క్వారీ వాళ్లు మనిషికో బిర్యానీ పొట్లం ఇచ్చి పెట్టించుకున్నారట.

ఛీ! వీళ్లూ మనుషులేనా? పిల్లనిచ్చి పుచ్చుకున్న ఊళ్లు. పెళ్లిళ్లకూ పండగలకూ ఇక్కడికొచ్చి మెక్కి, తిన్నింటి వాసాలే లెక్కపెట్టారు. ఆ బిర్యానీ ఎలా అరిగిందో!

పడమటి ఊళ్లో అచ్చియమ్మ తన ఇంటి గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఎప్పుడూ పిలిచే 'వదినా' అన్న పిలుపు ఇవాళ సింహాద్రమ్మ నోటికి రాలేదు.

"పొట్లం బిర్యానీకి మా కొండని అమ్మీసినావు. సిగ్గు నేదా నీకు?"

అచ్చియమ్మ లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"తాగడానికి కాదు. సూడు. మా ఊట నీలే. మావేపు కూడా మిసన్లు దిగి మూడు రోజులయినాది."

చెంబు నిండా ఎర్ర బురద. సింహాద్రమ్మ దాని వంక చూడనైనా చూడలేదు. ముఖం తిప్పుకుని గుమ్మం పక్కన కాండ్రించి ఉమ్మింది.

"ఆ సెంబు అవతల పెట్టు. నేనడిగిందానికి జవాబు సెప్పు. పక్కూరోల గొంతు కోసీడానికి నీకు సెయ్యెలాగొచ్చినాది?"

"అది నువ్వే సెప్పాల వదినా" అంటూ అచ్చియమ్మ చూరులోంచి ఒక జిరాక్స్ కాగితం లాగి ఆమె ముందు పరిచింది.

పడమటి వాలు తవ్వుకుంటే తమకేమీ అభ్యంతరం లేదని తూర్పు ఊరి వాళ్లు రాసిచ్చిన ఆ కాగితం మీద, మొట్టమొదటి సంతకం సింహాద్రమ్మదే.