మీకేంటి?

"కాస్త లేస్తారా? మా అమ్మ నిలబడలేదు."

"సరే," అన్నాడు పెద్దాయన. అని, హాయిగా కూర్చునే ఉన్నాడు.

కూతురికి ఒళ్లు మండింది. ల్యాబు ముందు వరండాలో ఖాళీ అయ్యే కుర్చీ ఏదైనా ఉంటే అదొక్కటే. మిగతా అన్నింట్లోనూ అమ్మలాంటి రోగులే ఉన్నారు.

"సరే అంటే లేవాలండీ."

"సరే, సరే," అంటూ నవ్వి, తాపీగా లేచాడు. కుడి చెయ్యి కోటు జేబులోంచి తియ్యనైనా లేదు. ఎడమ చేతి మీద, రక్తం తీసిన చోట, దూది అంటించి ఉంది.

"పోనీవే, పెద్దాయన," అంది అమ్మ. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమె మాట కొంచెం ముద్దగా వస్తోంది.

"పెద్దాయనైతే మర్యాద అక్కర్లేదా? పొద్దున్నే వచ్చి తిష్ఠ వేస్తాడు. రక్తం ఇస్తే టీ, బిస్కెట్లు ఊరికే వస్తాయిగా."

ఆ విసుగంతా నిజానికి పెద్దాయన మీద కాదు.

అమ్మ టైలరు. వీధిలో సగం మంది ఒంటి మీద బట్టలు ఆమె కుట్టినవే. ఇప్పుడా కుడి చెయ్యి వేలాడిపోయింది. ఇవాళ సాయంత్రం కొట్టు తాళాలు ఇంకొకరికి అప్పజెప్పేస్తానని మాటిచ్చేసింది. కత్తెర పట్టని చేతికి కొట్టెందుకే అంటుంది.

డాక్టరమ్మ మాత్రం ఒక ఆశ పెట్టింది. మెదడు దెబ్బతింటే దాని కణాల్లోంచి ఒక ప్రొటీన్ రక్తంలోకి చేరుతుందట. అదెంతుందో కొలిస్తే, చెయ్యి తిరిగొస్తుందో లేదో ముందే చెప్పొచ్చట.

ఆ ఫలితం ఇవాళే.

తలుపు తోసుకుని ల్యాబు అమ్మాయి దాదాపు పరుగున వచ్చింది.

"తక్కువుందండీ. చాలా తక్కువ. మీ అమ్మగారి చెయ్యి వచ్చేస్తుంది. నేను చెప్పేశానని డాక్టరమ్మకి చెప్పకండి, చంపేస్తుంది."

కూతురు అమ్మని వాటేసుకుంది. నవ్వో ఏడుపో తెలియని సంతోషం. వరండా అంతా తిరిగి వీళ్లనే చూస్తోంది.

అందరికంటే ఎక్కువ సంబరం పెద్దాయనది. ఎడమ చేత్తో గోడని దబదబా బాదాడు. "సరే, సరే, సరే" అంటూ వచ్చి, అమ్మ కుడి చేతిని పట్టుకుని ఊపేశాడు. ఆయన కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

కూతురు విసురుగా ఆ చేతిని విడిపించింది.

"ఎవరండీ మీరు? మా అమ్మ చెయ్యి వస్తే మీకేంటి?"

పెద్దాయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సరే," అన్నాడు చిన్నగా. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ గదిలో కూతురు కుదురుగా కూర్చోలేకపోయింది.

"నిజంగా నమ్మొచ్చా డాక్టర్? సాయంత్రం కొట్టు ఇచ్చేయాలి."

"ఇవ్వకండి. తప్పకుండా వస్తుందని రాసివ్వలేను కానీ, ఈ పరీక్షని నమ్ముతాను. మొదట్లో అడిగుంటే నమ్మొద్దనే చెప్పేదాన్ని."

"ఎందుకని?"

"పరీక్షని సరిచూసుకోవడానికి మేం పిలిస్తే, బాగుపడ్డవాళ్లు మళ్లీ రక్తం ఇవ్వడానికి హుషారుగా వచ్చేవాళ్లు. బాగుపడనివాళ్లు మొహం చాటేసేవాళ్లు. మాకేమో అందరూ బాగుపడ్డట్టే కనిపించేది. అందరికీ వస్తుందని చెప్పే పరీక్షకి విలువేముంది?"

"మరి?"

"బాగుపడనివాళ్లలో ఒకాయన మాత్రం మానలేదు. చెయ్యి పోయింది. మాటల్లో 'సరే' ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క మాటతోనే ఇల్లిల్లూ తిరిగి, తనలాంటి వాళ్లని బతిమాలి లాక్కొచ్చాడు. వాళ్ల రక్తం చూశాకే మాకు తేడా తెలిసింది."

కూతురు కుర్చీలోంచి సగం లేచింది.

"కోటు వేసుకుని... బయట కూర్చున్నాయనా?"

"ఆయనే. ఇవాళ ఆఖరి శాంపిల్ ఇచ్చేశారు. ఇక ఉండేది వేరే ఊళ్లో, చెల్లెలి దగ్గర. ఎవరిదో ఒకరిది మంచి ఫలితం చూసి వెళ్దామని ఆగినట్టున్నారు."

కూతురు ఒక్క పరుగున మెట్లు దిగింది. అప్పటికే ఆయన ఎక్కిన కారు వీధి మలుపు తిరిగిపోయింది. గేటు దగ్గర ల్యాబు అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది.

"ఆయన్ని నానా మాటలూ అన్నాను," అంది కూతురు ఆయాసపడుతూ. "మీకేంటి అని కూడా అడిగాను. అసలెవరాయన?"

"ఈ పరీక్ష కనిపెట్టిన డాక్టరుగారండీ," అంది ఆ అమ్మాయి. "అది 'చెయ్యి ఇక రాదు' అని చెప్పిన మొట్టమొదటి రక్తం కూడా ఆయనదే."